కంప్యూటర్ల శ్రమదానం

ఊరి చెరువులో పూడిక పేరుకుపోతే ఇంటికొక మనిషి చొప్పున పార, గంప పట్టుకొని వచ్చి మట్టి తీయడం మన పల్లెల్లో పాత ఆచారం. తమిళనాడులో దీనిని కుడిమరామత్తు అంటారు. ఈ పనికి ఎవరూ కూలి అడగరు. ఒక్కరు చేస్తే ఏళ్ళు పట్టే పని వందమంది చేస్తే నాలుగు రోజుల్లో ముగుస్తుంది. డబ్బు ఇవ్వలేనివారు కూడా తమ తీరిక సమయాన్ని, ఒంట్లోని శక్తిని ఇవ్వగలరు. అందుకే దీనికి శ్రమదానం అనే పేరు వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం చివరి సంవత్సరాలలో ఈ శ్రమదానం కంప్యూటర్ల లోకంలోనూ మొదలైంది. ఇళ్ళలో, కార్యాలయాలలో తీరికగా ఉన్న కంప్యూటర్ల శక్తిని వాటి యజమానులు శాస్త్ర పరిశోధనకు ఉచితంగా ఇవ్వసాగారు. దీనిని స్వచ్ఛంద గణన అని పిలవవచ్చు. ఇది ఎలా సాగుతుంది, దీనివల్ల ఏం సాధించారు, దీనికి ఉన్న పరిమితులేమిటి అనే విషయాలు తెలుసుకోదగినవి.

తీరికగా ఉండే యంత్రం

కంప్యూటర్‌లో లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. నేటి సాధారణ ప్రాసెసర్ సెకనుకు దాదాపు 300 కోట్ల సార్లు స్పందిస్తుంది. ఒక్కొక్క స్పందనలో కొంత పని జరుగుతుంది. ఒకరు ఆ కంప్యూటర్ ముందు కూర్చొని ఉత్తరం టైపు చేస్తున్నారనుకుందాం. ఎంతో వేగంగా, సెకనుకు ఐదక్షరాల చొప్పున కొట్టినా, ఒక అక్షరానికీ మరొక అక్షరానికీ మధ్య ప్రాసెసర్‌కు 60 కోట్ల స్పందనల వ్యవధి దొరుకుతుంది. ఆ అక్షరాన్ని తెరపై చూపడానికి అందులో అతి కొద్ది భాగం చాలు. మిగిలిన వ్యవధిలో యంత్రం చేతులు ముడుచుకొని కూర్చున్నట్లే లెక్క. ఉత్తరం రాసే మనిషి భోజనానికి లేచి వెళితే ఆ తీరిక ఇంకా పెరుగుతుంది.

పరిశోధనశాలల్లో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంటుంది. అక్కడ చేయవలసిన లెక్కలు కొండంత పేరుకుపోయి ఉంటాయి. వాటిని చేయగల సూపర్ కంప్యూటర్ల ఖరీదు కోట్ల రూపాయలలో ఉంటుంది. అవి ఉన్న చోట కూడా ఎందరో శాస్త్రజ్ఞులు తమ వంతు కోసం వేచి ఉండవలసి వస్తుంది. ఒకచోట శక్తి వాడకం లేక మిగిలిపోతున్నది, మరొకచోట శక్తి చాలక పని ఆగిపోతున్నది. ఈ రెండింటినీ కలిపే మార్గాన్ని ఇంటర్నెట్ చూపింది.

సంఖ్యల వేటతో తొలి అడుగు

ఈ పద్ధతిని ఎక్కువమందికి పరిచయం చేసిన తొలి ప్రయత్నాలలో ఒకటి గణితశాస్త్రానికి సంబంధించినది. 1 తోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. వీటిలో ఒక ప్రత్యేకమైన జాతి ఉంది. రెండు 2లను గుణించి 1 తీసివేస్తే 3 వస్తుంది. మూడు 2లను గుణించి 1 తీసివేస్తే 7, ఐదు 2లతో 31, ఏడు 2లతో 127 వస్తాయి. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. వీటి గురించి ఆలోచించిన పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి మతగురువు మారెన్ మెర్సెన్ పేరు మీద వీటిని మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. అయితే ఈ సూత్రం ప్రతిసారీ ఫలించదు. పదకొండు 2లను గుణించి 1 తీసివేస్తే 2,047 వస్తుంది. ఇది 23ను 89తో గుణిస్తే వచ్చే సంఖ్య. కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. ఎక్కడ ఫలిస్తుందో, ఎక్కడ ఫలించదో ప్రతి సంఖ్యనూ పరీక్షించి తెలుసుకోవలసిందే.

1996 జనవరిలో జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికా కంప్యూటర్ నిపుణుడు ఈ పరీక్షలను అందరికీ పంచి ఇచ్చే ఏర్పాటు చేశాడు. దాని పేరు 'గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్'. క్లుప్తంగా 'గింప్స్' అంటారు. ఒక సభ్యుడికి ఒక సంఖ్య, మరొక సభ్యుడికి మరొక సంఖ్య. ఒకరి పరీక్షతో మరొకరికి పనిలేదు. అదే సంవత్సరం నవంబరులో ఫ్రాన్స్‌లోని ఒక సభ్యుడి కంప్యూటర్‌లో తొలి ఫలితం దొరికింది. అది 13,98,269 2లను గుణించి 1 తీసివేయగా వచ్చే సంఖ్య. దానిలో 4,20,921 అంకెలు ఉన్నాయి.

ఇంత పెద్ద సంఖ్యల వల్ల ప్రయోజనమేమిటి అనే సందేహం కలగడం సహజం. నిత్యజీవితంలో వీటి అవసరం లేదు. కాని ఇంత పెద్ద సంఖ్యలను వేగంగా గుణించే పద్ధతులు ఈ కృషిలో మెరుగుపడ్డాయి. ఈ లెక్కలు ప్రాసెసర్‌కు గట్టి పరీక్ష కూడా. 2016లో ఒక పెద్ద సంస్థ కొత్తగా తయారుచేసిన ప్రాసెసర్లలో దాగి ఉన్న లోపం గింప్స్ లెక్కలు చేస్తున్నప్పుడే బయటపడింది. ఆ సంస్థ దానిని ఒప్పుకొని సరిదిద్దింది.

ఆకాశ సంకేతాల అన్వేషణ

స్వచ్ఛంద గణన పేరు ఇంటింటికీ చేరడానికి కారణమైనది 'సెటీ ఎట్ హోమ్' అనే పథకం. భూమికి వెలుపల ఎక్కడైనా తెలివిగల జీవులుంటే వారు పంపే రేడియో సంకేతాలు మనకు అందవచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. అటువంటి సంకేతం కోసం ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను జల్లెడ పట్టాలి. ఆ పనిని ప్రజల కంప్యూటర్లకు అప్పగించవచ్చునన్న ఆలోచన 1995లో డేవిడ్ గెడీకి కలిగింది. అమెరికాలోని బర్కిలీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆండర్సన్, డాన్ వర్తిమర్ మొదలైనవారు దానికి రూపం ఇచ్చారు. 1999 మే 17న పథకం ప్రారంభమైంది.

తరంగాలను అందుకున్నది పోర్టోరికో ద్వీపంలోని ఆరెసీబో రేడియో దూరదర్శిని. కొండల నడుమ సహజంగా ఏర్పడిన గుంటలో అమర్చిన దాని పళ్ళెం వ్యాసం 305 మీటర్లు. ఇతర శాస్త్రజ్ఞులు తమ పరిశోధనల కోసం దానిని వాడుకుంటూ ఉండగానే, పక్కన అమర్చిన మరొక గ్రాహకం సెటీ కోసం తరంగాలను నమోదు చేసేది. ఆ సమాచారాన్ని టేపులకు ఎక్కించి బర్కిలీకి పార్సెల్‌లో పంపేవారు. అక్కడ దానిని చిన్న చిన్న తునకలు చేసేవారు. ఒక తునకలో 107 సెకన్ల పాటు అందిన తరంగాల నమోదు ఉండేది. దాని పరిమాణం దాదాపు 350 కిలోబైట్లు మాత్రమే.

తునకను ఇంత చిన్నదిగా చేయడంలో ఒక లెక్క ఉంది. ఆనాడు చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ టెలిఫోను తీగ ద్వారానే వచ్చేది, అది కూడా నెమ్మదిగా. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. అది కూడా మొదట కొన్ని నగరాలకే పరిమితం. తునక చిన్నదైతే తెచ్చుకోవడం తేలిక. కాని దానిలో చేయవలసిన లెక్కలు మాత్రం చాలా ఎక్కువ. ఆనాటి ఇంటి కంప్యూటర్‌కు ఒక్క తునకను పరిశీలించడానికి గంటల తరబడి సమయం పట్టేది. మోత తక్కువ, పని ఎక్కువ అన్నప్పుడే ఇటువంటి శ్రమదానం లాభసాటి అవుతుంది.

సెటీ కార్యక్రమాన్ని తెరను కాపాడే బొమ్మ రూపంలో తయారు చేశారు. యజమాని లేచి వెళ్ళగానే తెరపై రంగురంగుల గీతలు లేచేవి. అవి ఆకాశం నుంచి వచ్చిన తరంగాల రేఖాచిత్రాలు. యజమాని తిరిగి వచ్చి మీట తాకగానే గీతలు మాయమై కంప్యూటర్ అతని పనికి సిద్ధమయ్యేది. 200కు పైగా దేశాల నుంచి 50 లక్షల మందికి పైగా ఇందులో చేరారు. ఈ పని మీద కలిగిన అనుభవంతో ఆండర్సన్ బృందం 'బాయింక్' అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసింది. దానివల్ల ఏ విశ్వవిద్యాలయమైనా తన పథకాన్ని ప్రారంభించే వీలు కలిగింది. దాతలు కూడా తమ కంప్యూటర్ సమయాన్ని కొంత ఒక పథకానికి, కొంత మరొక పథకానికి పంచి ఇవ్వవచ్చు.

పని సాగే తీరు

పథకాలు ఎన్ని ఉన్నా పని జరిగే విధానం ఇంచుమించు ఒకటే. మొదట దాత ఆ పథకానికి చెందిన సాఫ్ట్‌వేర్‌ను తన కంప్యూటర్‌లో పెట్టుకుంటాడు. అది కేంద్రంలోని కంప్యూటర్‌ను అడిగి ఒక తునక పని తెచ్చుకుంటుంది. యజమాని సొంత పనులకు ఎప్పుడూ మొదటి స్థానం. వాటికి అడ్డురాకుండా మిగిలిన సమయంలోనే లెక్కలు సాగుతాయి. పని పూర్తికాగానే ఫలితం కేంద్రానికి వెళుతుంది. వెంటనే మరొక తునక వస్తుంది. యానాంలోనో, హోసూరులోనో ఒక ఇంటి కంప్యూటర్ చేసిన లెక్క, జపానులోనో జర్మనీలోనో మరొక ఇంటి కంప్యూటర్ చేసిన లెక్క ఒకే పట్టికలో పక్కపక్కన చేరతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దూరాన ఉన్న, ముఖం తెలియని దాత పంపిన ఫలితాన్ని నమ్మడం ఎలా? కంప్యూటర్ వేడెక్కితే లెక్క తప్పవచ్చు. శక్తికి మించిన వేగంతో నడిపినా తప్పవచ్చు. ఇంతేకాక కొందరు మనుషులే తప్పు చేస్తారు. ఎవరు ఎంత పని చేశారో చూపడానికి పథకాలు దాతల పేరున మార్కులు వేస్తాయి. ఆ పట్టికలో పైకి ఎక్కాలనే ఆశతో సెటీలో కొందరు లెక్కలు సరిగా చేయకుండానే ఫలితాలు పంపారు.

ఈ చిక్కుకు పరిష్కారం సరళమైనదే. ఒకే తునకను ఒకరికి తెలియకుండా ఒకరికి, ఇద్దరికో ముగ్గురికో పంపుతారు. వారి ఫలితాలు సరిపోలితేనే స్వీకరిస్తారు. సరిపోలకపోతే మరొకరికి పంపుతారు. దీనివల్ల సగం శక్తి వృథా అయినట్లు కనిపిస్తుంది. కాని శాస్త్రంలో తప్పు ఫలితం కంటే ఆలస్యమైన ఫలితమే మేలు.

మాంసకృత్తుల మడతలు

స్వచ్ఛంద గణన మానవ ఆరోగ్యానికి కూడా ఉపయోగపడింది. శరీరంలో జరిగే పనులలో చాలావాటిని నడిపేవి మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు. అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చుకొని ఒక దండగా ఏర్పడితే అది మాంసకృత్తు. ఆ దండ తనంతట తాను మడతలు పడి ఒక నిర్దిష్టమైన ఆకారం పొందుతుంది. తాళంచెవికి పళ్ళు ఎలా ఉన్నాయన్న దానిమీద అది ఏ తాళాన్ని తీస్తుందో ఆధారపడినట్లే, మాంసకృత్తు చేసే పని దాని ఆకారం మీద ఆధారపడుతుంది. మడతలు తప్పుగా పడటానికీ అల్జీమర్స్ వంటి వ్యాధులకూ సంబంధం ఉంది.

ఈ కదలికలను కంప్యూటర్‌లో చూడాలంటే అణువుల స్థానాలను అడుగడుగునా లెక్కించాలి. ఒక్కొక్క అడుగు సెకనులో వంద కోట్ల వంతును మళ్ళీ పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు భాగాలంత చిన్నది. ఈ లెక్కన సెకనులో వెయ్యో వంతు కదలికను చూడటానికి దాదాపు 50,000 కోట్ల అడుగులు లెక్కించాలి. అంతేకాదు, ఒక అడుగు పూర్తయితేగాని తరువాతి అడుగు మొదలుకాదు. ఇటువంటి పనిని తునకలు చేసి పంచడం సాధ్యం కాదని మొదట అనిపిస్తుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే బృందం దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఒకే పొడవైన ప్రయాణాన్ని లెక్కించే బదులు, వేర్వేరు ఆకారాల నుంచి మొదలయ్యే వేలాది చిన్న ప్రయాణాలను లెక్కిస్తారు. ఏ ఆకారం నుంచి ఏ ఆకారానికి మారే అవకాశం ఎంతో వాటి ద్వారా తెలుసుకొని, గణాంకశాస్త్రం సాయంతో మొత్తం దారిని కూర్చుకుంటారు. చిన్న ప్రయాణాలను ఎంతమందికైనా పంచవచ్చు. 2000 అక్టోబరులో ప్రారంభమైన ఈ పథకం పేరు 'ఫోల్డింగ్ ఎట్ హోమ్'. 2007 నుంచి 2012 వరకు ప్లేస్టేషన్ అనే ఆట యంత్రాలు కూడా ఈ పనిలో పాల్గొన్నాయి. ఆ తరువాత గ్రెగరీ బౌమన్ దీనికి నాయకత్వం వహించాడు.

2020లో కరోనా వైరస్ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు ఈ పథకం తన దృష్టిని ఆ వైరస్ మాంసకృత్తుల వైపు మళ్ళించింది. ఇళ్ళకే పరిమితమైన ప్రజలు తమ కంప్యూటర్లతో ముందుకు వచ్చారు. పది లక్షల మందికి పైగా దాతలు చేరారు. ఒక దశలో పంచడానికి తునకలు చాలక కంప్యూటర్లే పని కోసం వేచి ఉండవలసి వచ్చింది. 2020 మార్చి చివరి వారంలో ఈ కంప్యూటర్ల ఉమ్మడి శక్తి ఒక ఎక్సాఫ్లాప్ దాటింది. అంటే 1 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో, సెకనుకు అన్ని లెక్కలు. అప్పటికి ప్రపంచంలోని ఏ ఒక్క సూపర్ కంప్యూటర్ కూడా ఆ స్థాయికి చేరలేదు.

ఇంత శక్తితో ఆ బృందం లెక్కించగలిగిన కదలికల మొత్తం కాలం సెకనులో పదో వంతు మాత్రమే. 2021లో ప్రచురితమైన ఆ ఫలితాలలో విలువైన సంగతులున్నాయి. కరోనా వైరస్ పైన ఉండే ముల్లు వంటి మాంసకృత్తు మన కణాన్ని పట్టుకునే ముందు ఎలా తెరుచుకుంటుందో అందులో కనిపించింది. మామూలు ఛాయాచిత్రాలలో కనిపించని, క్షణకాలం తెరుచుకొని మూసుకునే పల్లాలు కూడా బయటపడ్డాయి. మందు వెళ్ళి అంటుకోవడానికి అటువంటి పల్లాలు చోటు కాగలవు. ఈ లెక్కలే మందు కావు. మందు కోసం ఎక్కడ వెతకాలో అవి చూపుతాయి. ఆ తరువాత ప్రయోగశాలలో పని, ఆపైన రోగులపై పరీక్షలు తప్పనిసరి.

రెండు కంప్యూటర్లలో దొరికిన నక్షత్రం

'ఐన్‌స్టీన్ ఎట్ హోమ్' అనే పథకం 2005లో మొదలైంది. బ్రూస్ ఆలెన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దానికి నాయకుడు. వేగంగా తిరిగే నక్షత్రాల నుంచి ఎడతెగక వచ్చే గురుత్వ తరంగాలను వెతకడం దాని తొలి లక్ష్యం. తరువాత ఆరెసీబో దూరదర్శిని సమాచారంలో పల్సార్లను వెతికే పని కూడా చేపట్టింది. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే చిన్న, అతి బరువైన గోళం న్యూట్రాన్ నక్షత్రం. అది గిర్రున తిరుగుతూ దీపస్తంభంలా తరంగాలను వెదజల్లితే దానిని పల్సార్ అంటారు.

2010 ఆగస్టులో ఈ పథకం ఒక కొత్త పల్సార్‌ను కనుగొన్నట్లు ప్రకటించింది. అది సెకనుకు దాదాపు 41 సార్లు తిరుగుతుంది. దాని జాడ ఉన్న తునకను పరిశీలించిన కంప్యూటర్లు రెండు. ఒకటి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక దంపతులది, రెండవది జర్మనీలోని మైన్స్ నగరంలో ఉన్నది. తప్పులు పట్టుకోవడానికి ఒకే తునకను ఇద్దరికి పంపే నియమం వల్లనే ఆ గౌరవం రెండు దేశాలవారికి దక్కింది. శాస్త్రజ్ఞులు చెప్పేవరకు తమ కంప్యూటర్‌లో నక్షత్రం దొరికిన సంగతి వారికి తెలియదు.

పంచుకోలేని పనులు

అన్ని పనులూ ఇలా పంచుకోదగినవి కావు. వరినాట్లు పదిమంది పంచుకుంటే త్వరగా పూర్తవుతాయి. పాలు తోడుకోవడాన్ని మాత్రం పదిమంది కలిసినా తొందరపెట్టలేరు. కంప్యూటర్ లెక్కలలోనూ ఈ రెండు రకాలున్నాయి. రేపటి వాతావరణాన్ని ముందుగా చెప్పాలంటే భూమి పైనున్న గాలిని గళ్ళుగళ్ళుగా విభజించి లెక్కిస్తారు. ప్రతి గడి తన పక్క గడిలో ఏం జరుగుతున్నదో క్షణక్షణం తెలుసుకోవాలి. గడికొక ఇల్లు చొప్పున పంచితే, ఇళ్ళ మధ్య కబురు చేరేలోగా రేపు గడిచిపోతుంది. అందుకే వాతావరణ సూచనలకు సూపర్ కంప్యూటర్లే కావాలి.

అయితే ప్రశ్నను మార్చి అడిగితే ఇదే రంగంలో శ్రమదానానికి చోటు దొరుకుతుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2003లో మొదలైన ఒక పథకం భూగోళపు శీతోష్ణస్థితి నమూనా మొత్తాన్ని ప్రతి దాతకూ ఇచ్చింది. మేఘాలు, వానలు మొదలైన వాటి విలువలను మాత్రం ఒక్కొక్కరికి కొద్దిగా మార్చి ఇచ్చింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కవచ్చునో వేలాది నమూనాలు విడివిడిగా లెక్కకట్టాయి. 2005లో వెలువడిన ఆ ఫలితాలు 2 డిగ్రీల లోపు నుంచి 11 డిగ్రీలకు పైగా వ్యాపించి ఉన్నాయి. ఒకే ఒక జవాబు చూసి నిశ్చింతగా ఉండరాదని దీనివల్ల స్పష్టమైంది.

దానానికయ్యే ఖర్చు

కంప్యూటర్ తీరిక సమయం ఉచితమైనదని అనుకోవడం పొరపాటు. పాత కంప్యూటర్లు పని ఉన్నా లేకున్నా ఇంచుమించు ఒకే విధంగా విద్యుత్తు వాడేవి. నేటి ప్రాసెసర్లు పని లేనప్పుడు తమ వేగాన్ని తగ్గించుకొని విద్యుత్తు ఆదా చేస్తాయి. వాటికి పని అప్పగిస్తే ఖర్చు పెరుగుతుంది. ఉదాహరణకు ఒక కంప్యూటర్ ఈ లెక్కల వల్ల అదనంగా 100 వాట్లు వాడితే, 10 గంటలలో ఒక యూనిట్ ఖర్చవుతుంది. రోజుకు 10 గంటల చొప్పున నెలకు 30 యూనిట్లు. అది ఇంటి కరెంటు బిల్లులో కనిపిస్తుంది. యంత్రం వేడెక్కుతుంది. మండు వేసవిలో గాలి ఆడని గదిలో పెట్టిన కంప్యూటర్‌కు ఇది మంచిది కాదు. అందుకే ఏ వేళల్లో పని చేయాలో, ప్రాసెసర్‌లో ఎంత భాగం వాడాలో దాత నిర్ణయించే వీలు ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. సెల్‌ఫోన్లలో అయితే చార్జింగ్‌లో ఉండి, బ్యాటరీ దాదాపు నిండినప్పుడే పని జరిగేలా బాయింక్‌లో ముందే ఏర్పాటు చేశారు.

రెండవ విషయం అనుమతి. తనది కానిదానిని దానం చేసే హక్కు ఎవరికీ లేదు. అమెరికాలో ఒక కళాశాల కంప్యూటర్లను చూసుకునే ఉద్యోగి, యాజమాన్యం అనుమతి లేకుండా వాటిలో ఇటువంటి సాఫ్ట్‌వేర్ పెట్టి కోర్టు కేసులో చిక్కుకున్నాడు. 2002లో జరిమానా చెల్లించి బయటపడ్డాడు. పాఠశాలలోని కంప్యూటర్ అయినా, ఇంట్లో నాన్నగారి కంప్యూటర్ అయినా, సొంతదారు ఒప్పుకున్న తరువాతే ఆ ఆలోచన చేయాలి.

మూడవది జాగ్రత్త. పరిశోధన పేరు చెప్పి యజమానికి తెలియకుండా కంప్యూటర్‌లో చొరబడి, దాని శక్తితో డబ్బు సంపాదించే మోసగాళ్ళు కూడా ఉన్నారు. ఆ పథకాన్ని ఏ విశ్వవిద్యాలయం నడుపుతున్నదో, ఫలితాలను ఎక్కడ ప్రచురించిందో చూడాలి. మంచి పథకాలు ఫలితాలను అందరికీ తెలిసేలా వెల్లడిస్తాయి.

దొరకనిది కూడా ఫలితమే

కాలం గడిచేకొద్దీ ఈ రంగంలో మార్పులు వచ్చాయి. 2024 అక్టోబరులో గింప్స్ ద్వారా 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య బయటపడింది. దానిలో 4,10,24,320 అంకెలున్నాయి. పుటకు 2,500 అంకెల చొప్పున అచ్చువేస్తే పుస్తకం 16,000 పుటలు దాటుతుంది. అయితే దానిని కనుగొన్న సభ్యుడు వాడినవి ఇంటిలోని తీరిక కంప్యూటర్లు కావు. అనేక దేశాలలోని కంప్యూటర్ కేంద్రాల నుంచి అద్దెకు తీసుకున్న శక్తిమంతమైన గ్రాఫిక్స్ ప్రాసెసర్లు. అయినా ఆ పనిని పంచి ఇచ్చిన ఏర్పాటు, అంతకుముందు వేలాది సభ్యులు పరీక్షించి పక్కన పెట్టిన సంఖ్యల పట్టిక ఇంటి కంప్యూటర్ల చలవే.

సెటీ ఎట్ హోమ్ కొత్త తునకలు పంచడం 2020 మార్చి 31న ఆపివేసింది. అప్పటికి చేరిన ఫలితాల రాశిని పరిశీలించడానికే శాస్త్రజ్ఞులకు సమయం కావలసి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 1న ఆరెసీబో దూరదర్శిని కూలిపోయింది. భూమి వెలుపలి జీవులు పంపినదని చెప్పదగిన సంకేతం ఏదీ ఆ తునకలలో దొరకలేదు.

మరి ఇరవై ఏళ్ళ పాటు లక్షలాది మంది చేసిన దానం వ్యర్థమైనదా? శాస్త్రం అలా చూడదు. ఆ దూరదర్శిని చూసిన మేర ఆకాశంలో, వెతికిన తరంగాలలో, ఒక స్థాయికి మించిన సంకేతం లేదని ఇప్పుడు చెప్పవచ్చు. వెతకక ముందు ఆ మాట చెప్పే వీలు లేదు. ఆ పని కోసం పుట్టిన బాయింక్ మీదనే తరువాత పల్సార్లు దొరికాయి, శీతోష్ణస్థితి నమూనాలు నడిచాయి, వ్యాధుల మీద పరిశోధనలు సాగాయి. జపానులోని చీబా నగరపు శాస్త్రజ్ఞులు పసిపిల్లలకు వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు మందు వెతుకుతూ, దాతల కంప్యూటర్ల సాయంతో దాదాపు 30 లక్షల రసాయనాలను పరిశీలించారు. వాటిలో ఆశాజనకమైనవి ఏడు దొరికాయని 2014లో వెల్లడైంది. మిగిలిన లక్షలాది రసాయనాల లెక్కలు చేసిన కంప్యూటర్ల నుంచి కేంద్రానికి వెళ్ళిన జవాబు ఒక్కటే: ఇక్కడ లేదు. ఆ జవాబులు లేకపోతే ఆ ఏడింటినీ వేరు చేయడం సాధ్యమయ్యేది కాదు.